ఉత్తుత్తి మాట

ప్రకటనల్లో చిన్నపిల్లలు ఏడవాల్సి వస్తే వాళ్ళని ఎలా ఏడిపిస్తారో ఈశ్వరి ఎప్పుడూ ఆలోచించలేదు. టీవీలో చూసి, ఎంత బాగా ఏడ్చిందో బంగారుతల్లి అనుకునేది, అంతే. తీరా తన కూతురి వంతు వచ్చాక తెలిసింది. తొడ గిల్లుతారట. లేదంటే, మీ అమ్మ నిన్నొదిలేసి వెళ్ళిపోయిందని చెబుతారట. మరీ మొండిఘటమైతే చేతిలో బొమ్మ లాక్కుని కళ్ళ ముందే విరగ్గొడతారట.

"మా దగ్గర అవేవీ ఉండవండి. నేనిక్కడ ఉన్నదే అందుకు," అంది డాక్టర్ వకుళ.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రానికి ఎదురుగా ఉంది ఆ స్టూడియో. దాని వెనక వైపు రెండు గదులకి అద్దాలు బిగించి వకుళ తన ప్రయోగశాల చేసుకుంది. యాభై దాటి ఉంటాయి. సగం నెరిసిన జుట్టుకి రంగు వెయ్యలేదు. పిల్లలతో మాట్లాడేటప్పుడు నేల మీద చతికిలబడి, వాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. పక్కన తల్లి ఉన్నదన్న సంగతే మర్చిపోతుంది. ఆ పద్ధతి ఈశ్వరికి నచ్చింది.

నాలుగున్నరేళ్ళ కూతురికి మౌక్తిక అని ఏరికోరి పేరు పెట్టుకుంది ఈశ్వరి. అత్తగారు అప్పలనరసమ్మకి నోరు తిరగక "ముత్తెం" అంది. దాంతో ఇంటిల్లిపాదికీ ముత్యం అయిపోయింది. ఓ బట్టల కొట్టు కేలండరు కోసం తీసిన ఫొటో కాస్తా జగదాంబ జంక్షన్లో హోర్డింగెక్కింది. అక్కణ్ణించి సబ్బు ప్రకటన, తర్వాత బిస్కట్ల ప్రకటన. భర్త సింహాద్రి పోర్టులో క్రేను నడుపుతాడు. ఎనిమిదేళ్ళుగా ఉంటున్న అపార్ట్‌మెంటులో ఈశ్వరి పేరు ఎవరికీ తెలీదు. ఇప్పుడు లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళూ "మౌక్తిక వాళ్ళమ్మ కదూ" అంటున్నారు. ఆ పిలుపు తియ్యగా ఉండేది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉండేది.

ఈసారిది పిల్లల చేతి గడియారం ప్రకటన. సంతలో పిల్ల తప్పిపోతుంది, బావురుమంటుంది. గడియారం వెలుగుతుంది, అమ్మ పరిగెత్తుకొస్తుంది, పిల్ల నవ్వుతుంది. ఏడుపూ నవ్వూ ఒకే షాట్లో, మధ్యలో కత్తిరింపు లేకుండా కావాలని డైరెక్టరు పట్టు. గ్లిజరిను కన్నీళ్ళయితే నవ్వు వచ్చేలోపు ఆరవట.

వకుళ పిల్ల చెవి వెనక రూపాయి బిళ్ళంత మెత్తటి పట్టీ అంటించింది. దాని పేరు జోల.

"మౌక్తికా, నీకు అన్నిటికన్నా భయం వేసిన రోజు ఏది?"

ముత్యం కాసేపు కాళ్ళూపుకుంది. "పూర్ణా మార్కెట్లో అమ్మ నా చెయ్యి వదిలీసింది."

"వదిలీలేదు, జారిపోయింది," అంది ఈశ్వరి గబుక్కున.

"తర్వాత?"

"అమ్మ చీర కనపడితే పట్టుకున్నాను. అది అమ్మ చీరే. కానీ ఇటు తిరిగితే అమ్మ కాదు." పిల్ల గొంతు సన్నబడింది. "ఎవరమ్మా నువ్వు, అంది."

గడ్డం వణికింది. వకుళ చేతిలో పలకలాంటి తెర మీద పచ్చగీత ఒకటి నిట్టనిలువుగా లేచింది. ఆమె దాని మీద వేలు పెట్టి, "ఇదిగో, దొరికింది," అంది మెల్లగా. "ఇక మేం 'వాన' అనగానే ఈ బిళ్ళ ఆ క్షణాన్ని మళ్ళీ లేపుతుంది. షాట్ అయ్యాక ముగింపు మాట చెబితే, జోకొట్టినట్టు నిద్రపుచ్చుతుంది. ఏడ్చిన బరువు పిల్ల మీద మిగలదు. ఆ ముగింపు మాట మీరే ఎంచండి. పాప నమ్మే మాటయి ఉండాలి."

ఈశ్వరికి ఆలోచించే పనే లేకపోయింది. "ఉత్తుత్తి," అంది.

వాళ్ళింట్లో ఆ మాట రోజుకి పాతికసార్లు వినపడుతుంది. సింహాద్రి పులిలా గాండ్రించి పిల్ల జడుసుకుంటే "ఉత్తుత్తినేనమ్మా". అప్పలనరసమ్మ బూచాడని భయపెట్టి, పిల్ల మొహం చూసి, "ఉత్తుత్తికే నే ముత్తెం". ఖాళీ గ్లాసుతో టీ తాగేదీ ఉత్తుత్తికే, బొమ్మకి జ్వరం వచ్చేదీ ఉత్తుత్తికే.

"భలే మాటండీ," అని మొదటిసారి నవ్వింది వకుళ. "వేరే భాషలో వెతికినా దొరకదు." తర్వాత నిబంధనల కాగితం మీద ఆమె వేలు ఒక వరస దగ్గర ఆగింది. ఇంట్లో మామూలుగా వాడని మాటయితే మంచిది అని ఉందక్కడ. ఈశ్వరి కూడా చదివింది. "పర్వాలేదులెండి, బిళ్ళ తీసేస్తే మాట మామూలు మాటే," అంది వకుళ. ఇద్దరూ అలా ఆ వరస దాటేశారు.

షూటింగు రెండు రోజులు. మొదటిరోజు డైరెక్టరు "వాన" అన్నాడు. నవ్వుతూ నిలబడ్డ ముత్యం మొహంలో ఏదో ఆరిపోయింది. కళ్ళు వెతికాయి. పెదవి వంకర పోయింది. సెట్టు మీద ముప్ఫై మంది ఊపిరి బిగబట్టారు. లైట్లు పట్టుకునే పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి వేషం వేసినామె పరిగెత్తుకు వచ్చింది, ఈశ్వరి మైకులో "ఉత్తుత్తి" అంది. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు పిల్ల మొహం విచ్చుకుంది. కడిగిన పలకలా ఉంది మొహం. ఒక్క టేకు. చప్పట్లే చప్పట్లు. మళ్ళీ ఒకసారి, ఎందుకైనా మంచిదని. అలా ఆ రెండు రోజుల్లో పంతొమ్మిదిసార్లు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల హాయిగా కునుకు తీసింది. గిల్లలేదు, కొట్టలేదు, నా బిడ్డ ఒంటి మీద ఈగ వాలలేదు అనుకుంది ఈశ్వరి.

* * *

ముందు వచ్చినవన్నీ మెప్పులే. బడిలో టీకా సూది వేస్తే మిగతా పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా ఏడుస్తుంటే ముత్యం చెయ్యి చాచి కూర్చుందట. వీధి చివర గజ్జికుక్క పళ్ళు చూపిస్తే దాని ఎదురుగా నిలబడి తల పక్కకి వంచి చూసిందట. "ఝాన్సీరాణి అండీ మీ అమ్మాయి," అన్నారు టీచరమ్మ. ఈశ్వరి మురిసిపోయింది.

మురిసిపోనిది అప్పలనరసమ్మ ఒక్కతే. ఆవిడకి మతిమరుపు. ఏదన్నా గుర్తుంచుకోవాలంటే కొంగు చివర ముడేసుకుంటుంది. బీపీ మాత్రకో ముడి, పాలవాడితో చెప్పాల్సిన మాటకో ముడి. ఆ ముళ్ళు విప్పి, "ఇది దేనికి మామ్మా?" అని అడగడం ముత్యానికి ఆట.

"ఓలమ్మ, నాను సెప్పేది ఇనవే," అంది ఆవిడ ఓ రోజు, కోడలితో. "బల్లి మీద పడితే గుంట దులుపుకోనేదు. సేత్తో ఒట్టుకుని సూత్తంది. పిల్లన్నాక బయపడాల. బయం నేకపోతే అది పిల్లేటి, బొమ్మ."

"నీకు అన్నీ అనుమానాలే అత్తా. ధైర్యం ఎక్కువ, అంతే."

"దైర్నం యేరు, బయం నేకపోడం యేరు." ఆవిడ కొంగుకి ఇంకో ముడి వేసుకుంది. అది దేనికో ఈశ్వరి అడగలేదు.

ప్రకటన వచ్చి రెండు నెలలయ్యాక, ఒక ఆదివారం పన్నెండు గంటల వేళ, మేడ మీద వడియాలు పెట్టారు. అయిదో అంతస్తు పైన డాబా. అప్పలనరసమ్మ సగం చాప నింపి, మిగతా పిండి తేవడానికి కిందికి దిగింది. ఈశ్వరి తడి గుడ్డలు ఆరేస్తోంది. కాకి ఒకటి వచ్చి వడియం ఎత్తుకుపోయి పిట్టగోడ మీద వాలింది. "పోవే కాకీ," అని ముత్యం అరవడం వినిపించింది. చిన్న స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఈశ్వరి దుప్పటి పిండుతూ ఉండిపోయింది. ఆ తర్వాత దుప్పటి తీగ మీద వేసి పక్కకి జరిపింది.

పిల్ల పిట్టగోడ మీద ఉంది.

జానెడు వెడల్పు గోడ. ఒక కాలి ముందు ఒక కాలు వేసుకుంటూ, కాకి వైపు నడుస్తోంది. గౌను గాలికి ఎగురుతోంది. గోడకి అవతల ఏమీ లేదు. కింద పార్కింగులో స్కూటర్లు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి తిరుగుతుంది. పరిగెడితే కాకి ఎగురుతుంది, కాకితో పాటు పిల్ల చెయ్యి చాపుతుంది. ఈశ్వరి చెప్పులు విడిచింది. వేడి డాబా మీద పిల్లిలా అడుగులు వేసింది. పది అడుగుల దూరం. ఆ పది అడుగుల్లో మొక్కని దేవుడు లేడు, సింహాచలం అప్పన్న దగ్గర్నుంచి వీధి చివరి పైడితల్లి దాకా.

దగ్గరికి వెళ్ళేసరికి పిల్ల పెదవులు కదులుతున్నాయి. కిందికి చూసింది. చూసినప్పుడు ఒక్క క్షణం మోకాలు వణికింది. వెంటనే తనలో తను అనుకుంది, పాట పాడుకున్నట్టు: "ఉత్తుత్తి." మోకాలు ఆగిపోయింది. మొహం విచ్చుకుంది. ఆ నవ్వు ఈశ్వరికి తెలుసు. ఊరంతా టీవీలో చూసిన నవ్వు అది.

నడుం పట్టి ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వడియాల చాప మీద పడ్డారు. ఈశ్వరి ఒళ్ళంతా వణుకు. మాట రాదు, ఏడుపు రాదు, గొంతులోంచి ఏదో కూత వస్తోంది. ముత్యం తల్లి చెంప నిమిరింది.

"ఎందుకమ్మా అలాగున్నావు? నేను పడినా ఉత్తుత్తికే."

* * *

"బిళ్ళ ఎప్పుడు తీసేశాం?" అంది వకుళ, మర్నాడు ప్రయోగశాలలో. తనకి తెలిసే అడిగింది.

"షాటయిన రోజే."

వకుళ మళ్ళీ ఆ బిళ్ళ అంటించింది. రబ్బరు పాముని పిల్ల ఒళ్ళో పడేసింది. పలక మీద పచ్చగీత లేచింది. ముత్యం పెదవులు కదిలాయి, చప్పుడు కూడా లేదు. గీత పడిపోయి చాపలా పరుచుకుంది. పిల్ల పామును మెడలో వేసుకుంది. పెద్ద చప్పుడు చేశారు. దీపాలార్పారు. ప్రతిసారీ గీత లేవడం, పెదవి కదలడం, గీత పడిపోవడం. నాలుగోసారికి గీత లేవనే లేదు.

వకుళ పలకని బల్ల మీద బోర్లా పెట్టింది.

"బిళ్ళ అవసరం ఇంక లేదు దానికి. మెదడు దారి నేర్చేసుకుంది. మా నోట వింటేనే పనిచేస్తుందనుకున్నాం. తనకు తానే చెప్పుకుంటుందని ఎవరికీ తట్టలేదు. ఈ బిళ్ళ పెట్టిన మిగతా పదకొండు మంది పిల్లల ముగింపు మాటలు ఏ ఇంట్లోనూ పలకని మాటలు, షూటింగయ్యాక మర్చిపోయారు. మీ మాట..." ఆగింది. "రోజుకి ఎన్నిసార్లు అంటారీ మాట ఇంట్లో?"

ఈశ్వరి లెక్క వెయ్యబోయింది. నిన్న సాయంత్రం కూడా, వణుకు తగ్గాక, పిల్లని ఒళ్ళో పెట్టుకుని తనే అంది. అమ్మ ఊరికే ఏడ్చిందమ్మా, ఉత్తుత్తికే అని.

"అన్నప్పుడల్లా ఇంకొంచెం లోపలికి దిగుతుంది," అంది వకుళ. "రోడ్డు, నీళ్ళు, నిప్పు, ఎవడో చెయ్యి పట్టుకు రమ్మంటే... దేనికీ ఆగదు."

"బాగు చెయ్యండి."

"మందు లేదు. ఒక్కటే దారుంది. ఆ మాట ఓడిపోవాలి. మాట కన్నా పెద్ద భయం లేవాలి, ఆ మాట వింటూ కూడా అది నిద్రపోకూడదు. అప్పుడు మాటకీ నిద్రకీ ఉన్న ముడి తెగుతుంది. నేను బిళ్ళతో కొంత సాయం చెయ్యగలను, కొంతే. భయం మాత్రం నిజంది కావాలి. నేను భయపెడితే షూటింగనుకుంటుంది. మీరే చెయ్యాలి." వకుళ మొదటిసారి తల్లి కళ్ళలోకి చూసింది. "దానికి అన్నిటికన్నా పెద్ద భయం ఏదో మనిద్దరికీ తెలుసు."

అర్థమయ్యాక ఈశ్వరి లేచి నిలబడింది.

"మీకు పిల్లల్లేరు. అందుకే అలా చెప్పగలుగుతున్నారు."

"లేరు," అంది వకుళ. "ఏడేళ్ళప్పుడు నేనూ సెట్టు మీద ఏడ్చానండి. మీ అమ్మ లారీ కింద పడి చచ్చిపోయిందని చెప్పారు నాకు. షాటయ్యాక అమ్మ వచ్చి జడలు వేసింది. ఆవిడకి ముందే తెలుసు. ఇంకే పిల్లకీ అలా జరక్కూడదనే ఈ జోల చేశాను." నవ్వబోయింది, రాలేదు. "చివరికి మీ చేత అదే చేయిస్తున్నాను."

తలుపు దాకా వచ్చి ఇంకో సంగతి చెప్పింది. మధ్యలో జాలిపడి ఎత్తుకుంటే మొదటికే మోసం, మాట ఇంకా గట్టిపడుతుంది. ఆ తర్వాత కూడా ఆ మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఎప్పటికీ.

సింహాద్రి విని మంచం పట్టె మీద కూలబడ్డాడు. "నావల్ల కాదు. నాను రాను," అన్నాడు. "పిల్లని కన్నోళ్ళే కాదంటే ఏటైపోతాదది?"

"పిట్టగోడ మీంచి పడితే ఏటైపోతాది?"

సింహాద్రి లేచి వెళ్ళి డాబా తలుపుకి రెండో తాళం వేసి వచ్చాడు. అప్పలనరసమ్మ పక్కగదిలోంచి అంతా వింది. పక్కింటావిడ దగ్గర్నుంచి ముత్యం ఎప్పుడూ చూడని నీలం చీర అడిగి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

* * *

పొద్దున్న పది గంటలకి పూర్ణా మార్కెట్ ఇసకేస్తే రాలనట్టుంది. పసుపు కొమ్ములు, ఎండుచేపలు, బంతిపూలు, అన్నీ కలిసిన వాసన. పిల్ల చెవి వెనక మళ్ళీ బిళ్ళ అంటించి, వకుళ పూలకొట్టు పక్కన పలక పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యి పైకెత్తి ఉంచినంతసేపూ ఈశ్వరి ఆపకూడదు, మాట అన్నా గీత పడిపోకుండా నిలిచి ఆమె చెయ్యి దించాకే పిల్లని ఎత్తుకోవాలి. అదీ ఒప్పందం.

ఈశ్వరి నీలం చీర మీద పాత చున్నీ కప్పుకుని బయల్దేరింది. మార్కెట్లో చింతపండు వరస దాటాక పిల్ల చెయ్యి వదిలింది. ఈసారి జారిపోలేదు. వదిలింది. చున్నీ తీసి సంచిలో కుక్కింది, నాలుగడుగులు వేసి అటు తిరిగి నిలబడింది.

వెనక మనుషులు తోసుకుంటున్నారు. లోపల లెక్కపెడుతోంది. ఇరవై. ముప్ఫై. ఎవడైనా ఎత్తుకుపోతే? వెనక్కి తిరగబోయేంతలో కొంగు ఎవరో లాగారు.

తిరిగింది. కూతురు నవ్వుతోంది, దొరికిపోయావన్నట్టు.

"ఎవరమ్మా నువ్వు?" అంది ఈశ్వరి.

ముత్యం చుట్టూ చూసింది. "కెమెరా ఏదమ్మా?"

"కెమెరా ఏటి? ఎవరి పిల్లవి నువ్వు?"

పిల్ల కళ్ళలో ఏదో తటాలున లేచింది. లేచిందో లేదో పెదవులు కదిలాయి. "ఉత్తుత్తి." నవ్వు. మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, "ఉత్తుత్తి." నవ్వు. ఈశ్వరి మొహం చెక్కలా బిగించింది. ఇన్నాళ్ళూ పిల్ల చేత నటింపజేసి చప్పట్లు కొట్టించుకుంది, ఇప్పుడు తనకి వచ్చింది వేషం. కొంగు విడిపించుకుంది. పిల్ల మళ్ళీ పట్టుకుంది. విడిపించుకుంది.

పక్కన అరటిపళ్ళమ్మే ముసలామె తల ఎత్తింది. "ఏటమ్మా, నీ పిల్ల కాదేటి? అచ్చం నీ పోలికే."

"కాదు."

"అయ్యయ్యో, తప్పిపోయినట్టుంది. ఇలా రా పాపా. మీ యమ్మ పేరేటి?"

"ఈశ్వరి," అంది ముత్యం, తల్లినే చూస్తూ.

"అమ్మా, నీ పేరేటి?" అని ముసలామె ఈశ్వరిని అడిగింది.

ఈ ప్రశ్న వస్తుందని ఎవరూ అనుకోలేదు. పూలకొట్టు దగ్గర వకుళ చెయ్యి పైకెత్తే ఉంది. ఈశ్వరి కళ్ళు కూతురి కళ్ళ మీద నుంచి తియ్యలేదు.

"పార్వతి," అంది.

"ఉత్తుత్తి," అంది ముత్యం. నవ్వు రాలేదు. "ఉత్తుత్తి. ఉత్తుత్తి." ఒక్కో మాటకీ ముందు ఆగుతోంది, మెట్టు ఉందో లేదో కాలితో తడిమినట్టు. పెదవి ఒక పక్కకి లాగింది. "ఉత్తుత్తి అను అమ్మా." చేతులు చాపింది. "అను. ఒక్కసారి అను."

వకుళ చెయ్యి దించలేదు.

"అమ్మా, అనవా!"

అప్పుడు ఏడ్చింది. అది ప్రకటనలో ఏడుపు కాదు. ముక్కు కారింది, నోరు వంకర పోయింది, ఊపిరి అందక మొహం నల్లబడింది. గౌను తడిపేసుకుంది. ఏ కెమెరావాడూ తీసుకోని ఏడుపు. చుట్టూ జనం మూగారు. "పోలీసులకి చెప్పండర్రా," అన్నారెవరో. ఈశ్వరి గోళ్ళు అరచేతిలోకి దిగాయి. ఇంకా చెయ్యి దిగలేదు. ఇంకా దిగలేదు. పిల్ల వెక్కిళ్ళ మధ్య ఆ మాటే అంటోంది, ఆ మాట ఊరికే గాలిలోకి పోతోంది.

పూలకొట్టు దగ్గర వకుళ చెయ్యి దించింది. దించిన చేత్తోనే మొహం కప్పుకుంది.

ఈశ్వరి నేల మీద కూలబడి కూతుర్ని గుండెకి అదుముకుంది. తడిసిన గౌను, కారుతున్న ముక్కు, అన్నీ కలిపి. అదుముకోగానే నాలుక చివరికి వచ్చేసింది, నాలుగేళ్ళుగా ప్రతి ఏడుపుకీ వేసిన మందు. ఉత్తు... పళ్ళ కింద నాలుక కొరుక్కుంది. రక్తం రుచి తగిలింది.

"నేను మీ అమ్మనే. అమ్మనే నాన్నా."

ముత్యం వెనక్కి జరిగి మొహం చూసింది. "మరి ఇందాక?"

ఆ ప్రశ్నకి సరిపోయే మాట తెలుగులో ఒక్కటే ఉంది. ఈశ్వరి దాన్ని మింగేసింది. అరటిపళ్ళ ముసలామె అసహ్యంగా చూసి, బుట్ట పక్కకి జరుపుకుంది.

* * *

ముత్యానికి ఇప్పుడు భయం ఉంది. బల్లిని చూస్తే కెవ్వుమంటుంది. డాబా మెట్ల దగ్గరికే వెళ్ళదు. కిందటి వారం టీకాకి బడి దద్దరిల్లేలా ఏడ్చిందట. ఆ కబురు విని అప్పలనరసమ్మ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. గడియారం వాళ్ళు రెండో ప్రకటనకి కబురు పెడితే సింహాద్రి ఫోనులోనే తిట్టి పెట్టేశాడు. వకుళ మిగతా పదకొండు మంది పిల్లల్నీ ఒక్కొక్కర్నీ పిలిచి చూస్తోందని, స్టూడియో గదులు ఖాళీ చేసిందని తెలిసింది. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. సింహాద్రి పులి ఆట మానేశాడు. గాండ్రించాక ఏమనాలో తెలీదు మరి.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. పొద్దున్న లేవగానే పిల్ల పక్కమీద కూర్చుని తల్లి మొహాన్ని వెతుకుతుంది. ఈశ్వరి నిద్రలోంచి కళ్ళు విప్పేసరికి ఆ రెండు కళ్ళు తన మీద ఉంటాయి.

"అమ్మా, నేనెవర్ని?"

"ముత్యానివి. నా ముత్యానివి."

"నీ పేరు?"

"ఈశ్వరి."

విని తల ఊపుతుంది. నమ్మినట్టు కాదు, ఈ పూటకి సరే అన్నట్టు.

ఈరోజు బడికి తయారు చేస్తూ జడ వేస్తుంటే, ముందుకి వాలిన కొంగు పట్టుకుని పిల్ల ఏదో చేస్తోంది. నాలుక బయటపెట్టి, మునివేళ్ళతో, మహా కష్టంగా. జడ అయ్యాక చూస్తే కొంగు చివర ముడి.

"ఏటే ఇది? మామ్మలాగ?"

"నువ్వు మర్చిపోకుండా."

"ఏం మర్చిపోకుండా?"

"నన్ను," అంది ముత్యం.

ఈశ్వరి నవ్వబోయింది. అలవాటు కొద్దీ నోరు తెరిచింది, మూసేసింది. ఆ ముడి వదులుగా ఉంది, రెండడుగులు వేస్తే ఊడిపోయేలా ఉంది. కూతురు చూస్తుండగా దాని మీదే ఇంకో ముడి వేసి, పళ్ళతో పట్టి బిగించింది.